భక్త రామదాసు - దేవాలయ యోగక్షేమములు

శ్రీరామనవమి వచ్చినదనగా తెలుగునాట పందిరి వేయని వీధి యుండదు. ఆ పందిళ్ళలో వినవచ్చు కీర్తనలలో చాలభాగము భద్రాచల రామదాసుగారివే. ఆ మహాభక్తుని కథ తెలియని ఇల్లు లేదు. చెఱసాల, కొరడాదెబ్బలు, రామలక్ష్మణులు మారువేషమున వచ్చి పైకము చెల్లించుట, ఇంతవరకు చిన్నపిల్లలు సైతము చెప్పగలరు. హరికథలలోను, నాటకములలోను, 1964లోను 2006లోను వచ్చిన చలనచిత్రములలోను మనము చూచినది ఈ భాగమునే. అయితే ఆ చరిత్రకు మరియొక ముఖము కలదు. అది ద్రవ్యమునకు సంబంధించినది. ఒక దేవాలయము కట్టుటకు ధనమెట్లు సమకూడెను, ఎక్కడ తక్కువపడెను, ఆ లోటును ఎవరి సొమ్ముతో పూడ్చిరి, దాని ఫలమేమాయెను, పిదప ఆ ఆలయము మూడువందల యేండ్లకు పైగా ఎట్లు నిలిచెను అను విషయములు భక్తిప్రవాహములో మరుగుపడినవి. ఆ మరుగుపడిన వైపునుండియే ఈ జీవితమును స్మరింపదలచితిని.

అందులకు కారణము కలదు. నేను నివసించు ఉప్పల్, నాచారము ప్రాంతములు హైదరాబాదు నగరమునకు తూర్పుదిక్కున నున్నవి. ఒకప్పుడు చెఱువుల క్రింద వ్యవసాయము సాగిన పల్లెలివి. నేడు నాచారమున పారిశ్రామికవాడ, ఉప్పల్ కూడలిలో వరంగల్లు, యాదగిరిగుట్ట బస్సుల రద్దీ, చుట్టును లెక్కకు మించిన కాలనీలు. కాలనీకొక ఆలయ కమిటీ, వీధికొక అన్నదాన సమితి, పేదపిల్లల చదువునకొక సంఘము, దిక్కులేని వృద్ధులకొక ఆశ్రమము వెలసినవి. అందరి చేతులలోను చందా పుస్తకములున్నవి. అందరి నోటను ఒకటే మాట: పని మంచిది, మనుషులు మంచివారు, దాతలు మాత్రము నిలుచుట లేదు. దాతల విశ్వాసమును పొందుటకు శాస్త్రమున ఉపాయమేమైన కలదా యని కొందరు పడుచువారు నన్నడిగిరి. శాస్త్రము చెప్పినది కలదు. కాని అంతకంటె ముందు గోపన్న చరిత్రను చెప్పుట మేలని నాకు తోచినది.

కంచర్ల గోపన్న నేలకొండపల్లిలో జన్మించెను. ఆ గ్రామము నేడు ఖమ్మము జిల్లాలో నున్నది. తండ్రి లింగన్నమంత్రి, తల్లి కామాంబ. కాలము పదునేడవ శతాబ్దపు పూర్వార్ధము. గోలకొండ ప్రభుత్వమున ఖ్యాతివడసిన అక్కన్న మాదన్నలు ఆయనకు మేనమామలు. బాల్యముననే సంస్కృతాంధ్రములు నేర్చి, రఘునాథ భట్టాచార్యులవలన శ్రీవైష్ణవ సంస్కారమును, కబీరుదాసను సాధువువలన తారకమంత్రమును పొందెనని సంప్రదాయము. కాశీలోని ప్రసిద్ధ కబీరు అంతకు చాలకాలము ముందటివాడు. కావున ఈయన ఆ పరంపరకు చెందిన మరియొక మహాత్ముడని పెద్దలు సమాధానము చెప్పుదురు.

యౌవనమున గోపన్న ఇల్లు భాగవతులకు సత్రమువలె నుండెను. వచ్చినవారికి వచ్చినట్లు అన్నము పెట్టుటలో పిత్రార్జితమంతయు కరగిపోయెను. ఇందులో ఎవరికిని ఆక్షేపణ లేదు. తన సొమ్ము, తన యిల్లు, తన వ్రతము. ఆ దానమువలన ఆయనకు దారిద్ర్యము వచ్చినది గాని అపవాదు రాలేదు. ఈ సంగతిని పాఠకులు గుర్తుంచుకొనవలెను. ముందు జరుగబోవుదానికిని దీనికిని గల భేదమే ఈ వ్యాసమునకు ప్రాణము.

భగవద్గీతలో యోగక్షేమములను మాట ప్రసిద్ధము. లేనిదానిని పొందుట యోగము, పొందినదానిని కాపాడుకొనుట క్షేమమని భాష్యకారులు వివరించిరి. లోకములో ఈ రెంటిని కలిపి కుశలప్రశ్నగా వాడుచున్నాము. వేరుచేసి చూచినచో ఒక గృహమునకైనను, ఒక ధర్మసంస్థకైనను ఇవి రెండు వేఱువేఱు పనులు. వేఱు వేఱు నేర్పులు కావలెను. గోపన్నకు యోగమున అద్వితీయమైన శక్తి కలదు. ఆయన అడిగినచో ఊరూరు కదలెను. క్షేమము విషయమున ఆయన కాలమున ఏర్పాటు చాలకపోయెను.

1672లో అబుల్ హసన్ కుతుబ్ షా గోలకొండ సింహాసనమెక్కెను. ప్రజలు ఆయనను తానీషా యని పిలిచిరి. మాదన్న ఆయన కడ ప్రధానామాత్యుడాయెను. మేనమామల ప్రాపకముచేత గోపన్నకు పాల్వంచ పరగణా తహసీలు లభించెను. గోదావరీ తీరమున అడవి ప్రాంతము. పన్ను వసూలుచేసి గోలకొండకు పంపుట ఆయన పని. ఆ పరగణాలోనే భద్రగిరి కలదు.

అప్పటికి ఆ కొండపై రామచంద్రుడు తాటాకు పందిరిలో నుండెను. పోకల దమ్మక్క యను గిరిజన స్త్రీకి స్వప్నమున స్వామి సాక్షాత్కరించి, పుట్టలోనున్న విగ్రహముల జాడ చెప్పెనట. ఆమె పుట్ట త్రవ్వి, చతుర్భుజుడై శంఖచక్రములను ధనుర్బాణములను ధరించి సీతమ్మను అంకమున నుంచుకొన్న వైకుంఠరాముని, లక్ష్మణస్వామిని వెలికితెచ్చి, తన చేతులతో పందిరి వేసి, తాటిపండ్లు నివేదించుచు అర్చించెను. ఆమెకు ధనము లేదు, అధికారము లేదు, చందా పుస్తకము లేదు. ఉన్నదానితో ఆ పూట కైంకర్యమును ఆ పూట నడిపెను. తహసీల్దారు వచ్చి చూచునప్పటికి అక్కడ పూజ జరుగుచున్నది. గోపన్న మనస్సు కరగుటకు శిథిలమైన పందిరి ఎంత కారణమో, ఆ పందిరిలో ఆరని దీపమును అంతే కారణమని నా అభిప్రాయము. జరుగుచున్న పనిని చూచి ఇచ్చు దాతలు వేఱు, జరుగబోవు పనిని విని ఇచ్చు దాతలు వేఱు. మొదటివారు ఎప్పుడును ఎక్కువ. కాలనీలలో ముందు శంకుస్థాపన ఫలకము వేయించి, పిదప దాతలకై ఎదురుచూచు కమిటీలను తలచినప్పుడెల్ల నాకు దమ్మక్క గుర్తుకు వచ్చుచుండును.

ఆలయము కట్టవలెనని గోపన్న సంకల్పించి మొదట ప్రజలనే అడిగెను. పరగణాలోని రైతులు తమ శక్తికొలది ఇచ్చిరి. ఇందు లోపమేమియు లేదు. పైగా ఉత్తమమైన పద్ధతి. పని మొదలాయెను. గర్భాలయము, మంటపములు, ప్రాకారము, గోపురము. కథలలో ఈ నిర్మాణ వర్ణన విస్తారముగ కలదు గాని, ముందుగా వేసిన అంచనా ప్రసక్తి ఎక్కడను లేదు. రాయి ఎంతటి ఆకలి గలదో ఇల్లు కట్టించిన ప్రతి గృహస్థునకును తెలియును. చందాల సొమ్ము చాలలేదు. అప్పుడు గ్రామస్థులే యొక ఉపాయము చెప్పిరని సంప్రదాయము. చేతిలోనున్న శిస్తు సొమ్మును ప్రస్తుతము వాడవలసినదనియు, పంట చేతికి వచ్చినపిదప తాము ఆ మొత్తమును పూడ్చెదమనియు వారి మాట. గోపన్న సమ్మతించెను. గోలకొండ అనుమతిని కోరలేదు. కొద్దికాలములో ఆరులక్షల వరహాలు ఆ విధముగ వ్యయమాయెనని చెప్పుదురు.

ఇక్కడ కొంచెము ఆగి ఆలోచింపవలెను. ఆ కాలమున గోలకొండ రాజ్యమునందు పన్ను వసూలును గుత్తకిచ్చు పద్ధతి విస్తారముగ వాడుకలో నుండెను. ఏటికింత యని ముందే నిర్ణయింపబడిన మొత్తమును అధికారి ఖజానాకు చేర్చవలెను. వానలు కురిసినను కురియకున్నను ఆ మొత్తమునకు బాధ్యుడు అతడే. తక్కువపడినచో అది అతని సొంత బాకీ. బాకీపడిన అధికారులను కొట్టుట, బంధించుట అప్పటి వాడుకయే. కావున గ్రామస్థులు పంటమీద చేసిన వాగ్దానమునకును, ఖజానాకు గోపన్న చేసిన వాగ్దానమునకును నడుమ పెద్ద వ్యత్యాసము కలదు. మొదటిది మనస్సాక్షికి సంబంధించినది. రెండవది సంకెలకు సంబంధించినది. వానకు కట్టుబడిన రాబడిని నమ్మి గడువునకు కట్టుబడిన ఋణమును నెత్తికెత్తుకొనుట ఎంత ప్రమాదమో, భక్తిచేత నిండిన ఆ హృదయమునకు ఆ క్షణమున తోపలేదు.

ధర్మశాస్త్రకారులు దానమునకు చెప్పిన లక్షణము మిక్కిలి సూక్ష్మమైనది. వస్తువునందు తనకుగల స్వత్వమును వదలుకొని, దానిని ఇతరునకు కలిగించుటయే దానము. తనది కానిదానిని ఇచ్చుటకు ఎవనికిని అధికారము లేదు. ఇచ్చినను అది దానము కాదు. శిస్తు సొమ్ము గోపన్నది కాదు. రాజుదే కావచ్చును, ప్రజలదే కావచ్చును, ఆయన చేతిలో అది నిక్షేపము మాత్రమే. దేవునికే కదా ఖర్చుచేసినాడు, సొంతమునకు వాడుకొనలేదు కదా యని మనవారు సాధారణముగ సమర్థింతురు. ఆ భక్తుని నిస్స్వార్థతను శంకించువాడు మూఢుడు. అయినను నిస్స్వార్థత వేఱు, అధికారము వేఱు. ఒక పనికై ఇచ్చిన సొమ్మును మరియొక పనికి, అది ఎంత పుణ్యకార్యమైనను, ఇచ్చినవాని అనుమతి లేక మార్చరాదు. ఈ మాట వ్రాయుటకు నాకు సంకోచము లేకపోలేదు. నేను నిత్యమును ఆయన కీర్తనలతోనే సుప్రభాతము చేసుకొనువాడను. కాని నేటి ధర్మసంస్థలలో పుట్టు తగవులు తొంబదిపాళ్ళు ఈ ఒక్కచోటనే పుట్టుచున్నవి. అన్నదానమునకని వచ్చినది గోపురమునకు, పిల్లల పుస్తకములకని వచ్చినది వార్షికోత్సవపు పందిరికి. మార్చినవారు దొంగలు కారు. కాని దాత మరుసటి సంవత్సరము తలుపు తీయడు.

ఇంత జరిగినను గోపన్న లెక్కను విడువలేదు. ఇది చాలమంది గమనింపని విశేషము. ఆయన కీర్తనలలో ఇక్ష్వాకుకులతిలకుని సంబోధించునది యొకటి మిక్కిలి ప్రసిద్ధము. గాయకులు దానిని ఆర్తితో పాడుదురు, శ్రోతలు కన్నీరు పెట్టుకొందురు. ఆ కీర్తన నిజమునకు ఖర్చుల చిట్టా. ప్రాకారమునకింత, భరతస్వామి పచ్చల పతకమునకింత, శత్రుఘ్నుని బంగారు మొలత్రాటికింత, లక్ష్మణస్వామి ముత్యాల పతకమునకింత, సీతమ్మ చింతాకు పతకమునకింత యని పద్దుల వారీగా చెప్పి, స్వామికి చేయించిన కలికితురాయిని కూడ తలచి, ఈ సొమ్మంతయు ఎవరిచ్చినదని ఆయన రాముని నిలదీయును. పద్దులలో పెక్కింటికి పదివేల వరహాలు. ఏ కవియు భగవంతునికి ఇట్టి జమాఖర్చు సమర్పించి యుండడు. నిందలు పలికి, వెంటనే క్షమింపుమని వేడుకొనును. ఆ వేడుకోలులోని మాధుర్యము నాకు వర్ణింప శక్యము కాదు. లెక్కల సంగతిని మాత్రము చెప్పెదను. ఏ వస్తువునకు ఎంత వ్యయమాయెనో, అది ఎవరి యొంటిమీద నున్నదో ఆయన చెఱసాలలో సైతము చెప్పగలిగెను. ఒక్క వరహాయైనను దారితప్పినట్లు ఆయన శత్రువులు సైతము చెప్పినట్లు కథలలో లేదు.

కాని ఆ చిట్టాను జాగ్రత్తగ చూచినచో మరియొకటి కనబడును. అందులో ప్రాకారము కలదు, పతకములు కలవు. రేపటి దీపమునకు నూనె, ఎల్లుండి నైవేద్యమునకు బియ్యము, అర్చకుని కుటుంబమునకు వేతనము ఏ పద్దులోనుండి రావలెనో ఆ పాటలో లేదు. పాటకు అది అవసరము లేదనుట నిజమే. ఆలయమునకు మాత్రము అవసరము.

తానీషాకు వార్త చేరెను. గోపన్నను గోలకొండకు రప్పించి చెఱలో నుంచిరి. పండ్రెండేండ్లని సంప్రదాయము. కోటలో నేటికిని రామదాసు బందిఖానాయని చూపెడి చీకటిగది కలదు. గోడమీద రామ లక్ష్మణ హనుమంతుల రూపములు కలవు. అవి ఆయన చేతి పనియని చెప్పుదురు. ఉప్పల్ నుండి భద్రాచలమునకు ఏటేట పోవు భక్తులలో చాలమంది నగరమునకు పడమట నున్న ఆ గదిని చూడనేలేదు. రెండు బస్సుల దూరము. ఒకసారి చూచి రావలెను.

మేనమామ ప్రధానియై యుండగా మేనల్లుడు ఏండ్ల తరబడి ఎట్లు మగ్గెనని కొందరు ప్రశ్నింతురు. ఆశ్చర్యము లేదు. చుట్టరికము పదవిని ఇప్పించగలదు, లెక్కను పూడ్చలేదు. పైగా ఖజానా తాళములు చేతనున్న ప్రధాని తన మేనల్లుని బాకీని మాఫీ చేయించినచో దర్బారులో శత్రువులకు ఆయుధమిచ్చినట్లగును. మాదన్నకు శత్రువులు తక్కువ లేరు. పెద్దమనిషి సిఫారసుతో వచ్చిన ధర్మసంస్థలకు ఈ చిక్కు ఎప్పుడును కలదు. ఆ పెద్దమనిషి మిగిలిన అన్నిటికిని ఉపయోగపడును, ఆపదలో మాత్రము అతని చేతులే ముందుగా కట్టుబడును.

తరువాతి కథ లోకవిదితము. ఒక రాత్రి రామోజీ, లక్ష్మోజీ యను పేర్లతో ఇరువురు యువకులు తానీషా శయనాగారమున ప్రత్యక్షమై, ఆరులక్షల పైకమును రాశిగ పోసి, గోపన్న బాకీ తీరినట్లు రసీదు అడిగిరి. తానీషా వ్రాసియిచ్చెను. ఆ రసీదు చెఱలో నిద్రించుచున్న గోపన్న తలక్రింద చేర్చబడెను. తెల్లవారి తానీషా స్వయముగ వచ్చి, తనకు దొరకిన దర్శనము గోపన్నకు దొరకలేదని విస్మయపడి, ఆయనను విడిపించి, పాదములు పట్టెనని భక్తులు చెప్పుకొందురు. ఆ రాత్రి చెల్లిన నాణెములలో మిగిలినవని చెప్పెడి రామమాడలు భద్రాచలమున కలవు. ఈ ఘట్టమున సకలలోకనాథుడు సైతము చెల్లించిన సొమ్మునకు రసీదు పుచ్చుకొన్నాడని చదివినప్పుడెల్ల నాకు చిరునవ్వు వచ్చును. అయిదువందల రూపాయలకు రసీదు ఎందుకండీ, దేవుడు చూచుట లేదా యని చందాదారులతో పలుకు కార్యదర్శులను నేనెరుగుదును.

విడుదలకంటె ముఖ్యమైనది తరువాత జరిగెను. తానీషా భద్రాచల స్వామికి భూముల రాబడిని శాశ్వతముగ సమర్పించి, శ్రీరామనవమి కల్యాణమునకు ఏటేట ప్రభుత్వము తరఫున ముత్యాల తలంబ్రాలు పంపు ఆచారమును నెలకొల్పెనని సంప్రదాయము. ఒక్కసారిగా దొరకిన ఆరులక్షలు చేయలేని పనిని ఈ ఏర్పాటు చేసినది. ఆరులక్షలు గోడలైనవి. రాబడి దీపమైనది. ఏ అనుమతి ముందుగా అడిగియుండిన ఇంత కష్టము లేకపోవునో, ఆ అనుమతియే చివరకు సనదు రూపమున వచ్చినది. తానీషా ముందుగా అడిగినను ఇచ్చియుండునేమో యని నాకు అప్పుడప్పుడు తోచును. ఆయన చూపిన ఉదారత అట్టిది.

గోపన్న రామదాసై భద్రాచలమునకు తిరిగివచ్చి, శేషజీవితమును స్వామి సన్నిధిని గడపి ముక్తిపొందెను. తరువాతి తరములలో త్యాగరాజస్వామివంటి మహనీయుడు తన కీర్తనలలో ఆయన పేరును తలచుకొనుటను బట్టి ఆ కీర్తి కావేరీ తీరము వరకు ఎట్లు వ్యాపించినదో ఊహింపవచ్చును.

కాని రాజుల ఆశ్రయము రాజులతోనే పోవును. 1686లో అక్కన్న మాదన్నలు గోలకొండ వీధులలో హత్యకు గురియైరి. 1687లో కోట ఔరంగజేబునకు వశమాయెను. తానీషా దౌలతాబాదు దుర్గమున బందీయై అక్కడనే మరణించెను. ఒకప్పుడు రామదాసును బంధించినవాడు తానును చెఱలోనే కన్నుమూసెను. ఒక్క దాతను నమ్మి నిలిచిన సంస్థకు ఆ దాత పడిపోయిన నాడు ఏ గతి పట్టునో చెప్పనవసరము లేదు. తరువాతి కాలమున భద్రాచలమున ఉత్సవములు సన్నగిల్లెను.

వాటిని మరల నిలిపినవారిలో ముఖ్యుడు తూము లక్ష్మీనరసింహదాసు. గుంటూరు ప్రాంతమువాడు, 1790లో జన్మించి 1833లో పరమపదించెను. ఆయనకు వరద రామదాసను కాంచీపురపు భక్తుడు తోడాయెను. ఈ ఇరువురును భద్రాచలమున కైంకర్యమును చేపట్టిరి. నరసింహదాసు కూడ కీర్తనకారుడే, కూడ పరమభక్తుడే. అయినను ఆయన నడచిన త్రోవ వేఱు. ఆయన ముందుగా హైదరాబాదు పోయి నిజాము ప్రభుత్వమున అధికారము నెఱపుచున్న రాజా చందూలాలును ఆశ్రయించి, ఆలయ వ్యవహారములు నడపుటకు అధికారమును పొందెను. పిదప నిత్యారాధన మొదలుకొని పక్షోత్సవ, మాసోత్సవ, సంవత్సరోత్సవముల వరకు ఏది ఎప్పుడు ఎట్లు జరుగవలెనో క్రమమేర్పరచెను. రామదాసు పేరు మనకు తెలిసినంతగ ఈయన పేరు తెలియకపోవుట విచారకరము. గోపురము కట్టినవానిని లోకము పాడును. గోపురముక్రింద ప్రతిదినమును ఆరగింపు ఆగకుండ చూచినవానిని అర్చకులు మాత్రమే గుర్తుంచుకొందురు.

ఇప్పుడు మా ప్రాంతపు సంగతి కొంచెము చెప్పెదను. ఇక్కడ ఒక అన్నదాన సమితి కలదు, పేరు అప్రస్తుతము. ఒక దాత పెద్ద మొత్తమిచ్చి భోజనశాల కట్టించెను. చలువరాతి నేల, పంకాలు, ప్రతి పంకా రెక్కమీదను ఒక దాత పేరు. శాల తెరచిన ఆరునెలలకు వంటవానికి జీతము, విద్యుత్తునకు పైకము లేక వారమునకు రెండుదినములు మాత్రమే పొయ్యి వెలుగుట మొదలాయెను. దానికి కొద్దిదూరమున మరియొక చిన్న సంఘము రేకుల షెడ్డులో నడచుచున్నది. వారికి పెద్ద దాతలు లేరు. నెలకు నూరో రెండువందలో ఇచ్చు గృహస్థులు చాలమంది కలరు. ప్రతినెలయు మొదటి ఆదివారమున జమాఖర్చును నల్లబల్లమీద వ్రాసి వాకిట పెట్టుదురు. బియ్యమెంత, పప్పెంత, మిగులెంత, తరుగెంత. తరుగు వచ్చిన నెలలో దానిని దాచరు. తరుగు చూచిన గృహస్థులలో కొందరు ఎవరును అడుగకయే బియ్యపుబస్తా తెచ్చి పడవేయుచున్నారు. ఒక దాత పుట్టినదినము వచ్చినచో ఆనాటి అన్నదానము ఆయన పేర జరిపి, భోజనము చేసినవారి సంఖ్యను చీటీమీద వ్రాసి పంపుదురు. ఆలయములలో ఉభయమని మన పూర్వులు నడపిన పద్ధతియే యిది.

నాచారము వంటి పారిశ్రామికవాడ దాపుననున్న సంఘములకు మరియొక ద్వారము కూడ కలదు. 2013 నాటి కంపెనీల చట్టమును బట్టి, నిర్ణీత పరిమాణమునకు మించిన కంపెనీలు తమ మూడేండ్ల సగటు లాభములో నూటికి రెండువంతులు సామాజిక కార్యములకు వెచ్చింపవలెను. ఆకలి తీర్చుట, విద్య, వైద్యము, పురాతన కట్టడముల రక్షణ మున్నగునవి ఆ చట్టము చెప్పిన పనులలో నున్నవి. అయితే ఆ ద్వారము వట్టి చేతులతో పోయినవారికి తెఱచుకొనదు. సంఘమునకు నమోదు, ఆదాయపు పన్ను శాఖవారి గుర్తింపు, చార్టర్డ్ అకౌంటెంటు తనిఖీ చేసిన లెక్కలు, ఏ పనికెంత యను వివరమైన ప్రణాళిక, పని ముగిసినపిదప నివేదిక, ఇవన్నియు అడుగుదురు. ఇన్ని కాగితములు పుణ్యకార్యమునకు ఎందుకని విసుగుకొనువారు కలరు. కాగితము తెలిసిన మనిషి నొకనిని, సగము జీతమునకైనను సరే, ముందు కుదుర్చుకొనుడని నేను వారికి చెప్పుచుందును. ఆ జీతమును వృథా ఖర్చుగ తలచు సభ్యులే ఎక్కువ. కైంకర్యము చేయువానికి లెక్క చూచుకొనువాడు తోడు లేనిచో, కైంకర్యము చేయువాడే తుదకు బందిఖానాలో కూర్చొనును.

భద్రాచలము తరువాత పెక్కు ప్రభుత్వముల చేతులు మారినది. 1860లో నిజాము ఆ ప్రాంతమును ఆంగ్లేయులకు అప్పగించెను. పిమ్మట అది గోదావరి జిల్లాలో చేరినది. 1959లో ఖమ్మము జిల్లాకు మారినది. 2014లో రాష్ట్రవిభజన జరిగినప్పుడు ఆలయమున్న పట్టణము తెలంగాణములో నిలిచినది, స్వామివారి భూములలో ఎనిమిదివందల ఎకరములకు పైబడిన భాగము పురుషోత్తపట్నము గ్రామమున నుండుటచేత ఆంధ్రప్రదేశమునకు పోయినది. ఆక్రమణల విషయమై వివాదములు నడచుచున్నవి. దస్తావేజులు పట్టుకొని దేవస్థానమువారు రెండు రాష్ట్రముల కచేరీల చుట్టు తిరుగవలసి వచ్చినది. భూమి ఇచ్చిన దాతలు ఎన్నడో గతించిరి. పత్రములు మాత్రము ఉన్నవి. అవి లేనిచో అడుగుటకును ఆధారముండదు.

తలంబ్రాల ఆచారము మాత్రము తెగలేదు. కుతుబ్ షాహీల పిదప ఆసఫ్ జాహీలు, వారి పిదప ప్రజాప్రభుత్వములు కల్యాణమునకు ముత్యాల తలంబ్రాలు సమర్పించు సంప్రదాయమును నడపుచు వచ్చినవి. దానితోపాటు ఇటీవలి దశాబ్దములలో మరియొకటి పెరిగినది. కోరుకొండ, చీరాల మొదలగు దూరప్రాంతముల భక్తులు స్వామి కల్యాణమునకని ప్రత్యేకముగ వరిపండించి, ఆ ధాన్యమును రోకలి తాకనీయక, గింజ గింజను గోటితో ఒలిచి, ఆ బియ్యమును భద్రాచలమునకు పంపుచున్నారు. ఒలుచువారు వేలమంది. ఒక్కొక్కరి వంతు కొద్దిపాటి గింజలు. నవమినాడు మిథిలా మంటపమున సీతారాముల శిరస్సులపై ముత్యములతో కలిసి ఆ గింజలును రాలును.